డెబ్బై రెండు ఎముకల మెడ కోసం రావిర్యాల దాకా

మా ఇంట్లో ఏ ప్రయాణమైనా ముందురోజు మూట సర్దడంతో మొదలవుతుంది. ఈ ప్రయాణం మాత్రం చేతిలో బియ్యం చేట ఉండగానే మొదలైంది. శనివారం పొద్దున ఆరూ పది. మైలార్‌దేవ్‌పల్లిలో మా గల్లీకి అప్పుడే నల్లా వదిలారు. బిందె కింద పెట్టి, గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఫోను మోగింది. నా కూతురు మంజుల.

"అమ్మా, ఎముకల మీద నంబర్లు ఏవే?"

"ఏ నంబర్లు బిడ్డా?"

"సుద్దముక్కతోని రాసిన కదా, ఒకటి నుంచి డెబ్బై రెండు దాక. ఒక్కదాని మీద లేదు!"

చేట నా ఒళ్లోకి ఒరిగిపోయింది.

సంగతి ఏమిటో చెప్పాలి. మంజుల కాటేదాన్‌లో ఒక షెడ్డులో పని చేస్తుంది. పాతకాలపు జంతువుల అస్థిపంజరాలను అచ్చుల్లో పోసి, ఫైబరుతో తయారుచేసి, బడులకూ ప్రదర్శనశాలలకూ పంపుతారు అక్కడ. మూడేళ్లుగా మా పిల్లది గరుకు కాగితంతో రుద్దే పనే. ఈసారి మొదటిసారిగా షెడ్డు యజమాని ప్రసాదరావు గారు ఒక జంతువు మెడ మొత్తం దాని చేతికి అప్పగించారు. రావిర్యాల దగ్గర కొత్తగా కట్టిన ప్రదర్శనశాలలో ఆ జంతువును వేలాడదీయాలి. శనివారం మూడు గంటలకు బడి పిల్లలు వస్తారు. శుక్రవారం రాత్రే ఎముకల లారీతోపాటు మంజుల వాళ్లంతా అక్కడికి చేరుకున్నారు.

ఆ జంతువును ప్లీసియోసార్ అంటారట. డైనోసార్లు నేల మీద తిరిగిన కాలంలో ఇది సముద్రంలో ఈదేదట. తాబేలు ఒంటికి పాము మెడ తగిలించినట్టు ఉంటుంది. కాళ్లకు బదులు నాలుగు తెడ్లు. ఒళ్లు చూస్తే అంతుంటుంది, తల చూస్తే ఇంతే. ముప్పై ఆరు అడుగుల బొమ్మలో ఇరవై అడుగులు మెడే. ఆ మెడలో డెబ్బై రెండు ఎముకలు. మనిషి మెడలో ఏడేనట, జిరాఫీ మెడలోనూ ఏడేనట. మంజుల ఆ మాట చెప్పినరోజు నా మెడ తడుముకుని లెక్కపెట్టుకున్నాను, అందలేదు.

గురువారం నాడు ఎముకలను మూటకట్టడానికి మంజుల నన్ను షెడ్డుకు పిలిచింది. నేను బొంతలు కుట్టేదాన్ని. పాత చీరల ముక్కలు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. దారిలో గీతలు పడకుండా ఒక్కో ఎముకకు ఒక్కో ముక్క చుట్టాలి. మెడ మొత్తం నేల మీద తల నుంచి భుజం దాకా వరుసగా పరిచి ఉంది. మంజుల అవతల తెడ్లకు సంచులు కడుతోంది. నేను ఈ తల వైపు చివర కూర్చుని ఒక్కొక్కటీ తీసి, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, చుట్టి, సంచిలో వేశాను.

నంబర్లు నాకు కనబడలేదా అంటే కనబడ్డాయి. అంకెలు నాకు తెలుసు. కానీ కుట్టుపనిలో సుద్దగీత కుట్టు పడేదాకే. బట్ట మనిషి చేతికి ఇచ్చేముందు దులపకపోతే కుట్టినవాళ్లకే చిన్నతనం. ముప్పై ఏళ్లుగా అలవాటైన చేయి. పని అయిపోయింది కదా అని తుడిచేసింది.

"తుడిచింది నేనే బిడ్డా," అన్నాను ఫోనులో.

మంజుల మెల్లగా అన్నది. "పదకొండు మూటలు విప్పి సైజు చూసుకుంట పెట్టి చూసిన అమ్మా. కుదురుత లేదు. సార్ అంటున్నడు, పదకొండింటికల్ల ఒక దారికి రాకుంటే మెడ లేకుండనే తెర కప్పేస్తడంట. బయటి నుంచి పెద్ద పనోళ్లను పిలుస్తడంట. ఇగ నేను మళ్ల కాగితం పట్టుకుని రుద్దుడే."

"తక్కినవి విప్పకు," అన్నాను. "గుడ్డ మీద చెయ్యి వెయ్యకు. నేను వస్తున్న."

"వచ్చి ఏం చేస్తవే?"

చెప్పడానికి టైము లేదు. బిందె నిండి పొర్లిపోతోంది.

బొంత కుట్టేవాళ్లు ముక్కలను ఎలా పడితే అలా కుట్టరు. ముదురు రంగు పక్కన లేత రంగు, గరుకు పక్కన మెత్తన, ఒక ఇంటి గుడ్డ పక్కన ఇంకో ఇంటి గుడ్డ. ముందే వరుస ఆలోచించుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి మూట కడతాం. నేను షెడ్డుకు తీసుకెళ్లిన మూట నా స్నేహితురాలు ఖైరున్ కూతురికి పుట్టబోయే బిడ్డ కోసం పేర్చిన బొంత మూట. రెండు నెలలు ఆలోచించి పేర్చింది. పై నుంచి ఒక్కొక్కటే తీసి చుట్టుకుంటూ పోయాను. అంటే మొదటి గుడ్డలో మొదటి ఎముక, రెండో గుడ్డలో రెండోది. సుద్ద పోయినా గుడ్డలు ఉన్నాయి.

ఒక్కటే చిక్కు. నలభై ఒకటి నుంచి యాభై దాకా పది ముక్కలు ఖైరున్ ఇంటివి. వాటి వరుస ఆమే పేర్చింది, గుడ్డలు చూసి చెప్పాలంటే ఆమే రావాలి. ఆమె అప్పుడు శంషాబాద్‌లో కూతురి ఇంట్లో ఉంది. అందుకని దగ్గరి దారి వదిలి శంషాబాద్ మీదుగా బయలుదేరాను. మీరెవరైనా ఆ ప్రదర్శనశాలకు వెళ్లదలిస్తే చాంద్రాయణగుట్ట నుంచి తుక్కుగూడ వైపు నేరుగా వెళ్లండి, మాలా చుట్టు తిరగకండి.

ఆరూ నలభై ఐదుకు ఇల్లు కదిలాను. టిఫిను డబ్బాలో రాత్రి మిగిలిన జొన్నరొట్టెలు నాలుగు, చింతకాయ తొక్కు. ఒక సీసా నీళ్లు. ఆధార్ కార్డు. ఆరాంఘర్ చౌరస్తా దాకా షేరింగ్ ఆటో, ఇరవై రూపాయలు. అక్కడ వంతెన కింద నిలబడితే ఏడూ ఇరవైకి శంషాబాద్ బస్సు వచ్చింది. ఆడవాళ్లకు సున్నా టికెట్టు. కార్డు చూపించకపోతే మాత్రం కండక్టరు ఊరుకోడు, అది మరిచిపోవద్దు.

కిటికీ పక్కన యూనిఫారం వేసుకున్న ఒక అమ్మాయి కూర్చుంది. ఎయిర్‌పోర్టులో నేలలు తుడిచే పని అట. నా మొహం చూసి అడిగింది.

"ఏమైంది పెద్దమ్మా, పరేషాన్‌గ ఉన్నవ్? దవాఖానకు పోతున్నవా?"

"లేదు బిడ్డా. తుడవగూడనిది తుడిచిన."

ఆ పిల్ల గట్టిగా నవ్వింది. "మాకు రోజు ఉల్టా. ఎంత తుడిచినా తుడవలేదంటరు." కథంతా చెప్పించుకుంది. దిగేముందు నా భుజం తట్టి, "నువ్వు మరిచిపోయెదానివి కాదు, నీ కండ్లే చెప్తున్నయి," అని వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు నేను.

ఊళ్ల పేర్ల బోర్డులు నేను కూడబలుక్కునేలోపే బస్సు దాటిపోతుంది. అందుకే దారిని గుర్తులతో పట్టుకుంటాను. విమానం కడుపు కింద చక్రాలు కనబడేంత కిందకి వచ్చిందంటే శంషాబాద్ దగ్గరపడ్డట్టే. పది తక్కువ ఎనిమిదింటికి దిగాను. ఖైరున్ కూతురి ఇల్లు బస్‌స్టాండు వెనక మూడో సందు. పచ్చ తలుపు.

ఖైరున్ జాకెట్లు కుడుతుంది. కోపం ఎక్కువ, ప్రేమ ఇంకా ఎక్కువ. నా మాట సగం వింటూనే బురఖా తగిలించుకుంది.

"సుద్ద తుడవకుంట ఎట్ల పంపుతరు అక్కా? నేనైనా తుడుస్తుంటి. నంబర్లు రాసెటోళ్లు సూదితో దారం కట్టాలె, గట్ల సుద్దతోని రాస్తరా ఎవరన్నా? ఆ సార్‌కు నేను చెప్త."

"ఏం చెప్పకు తల్లీ. నా బిడ్డ నౌకరీ అది."

ఆమె కూతురు షబానా ఎనిమిదో నెల కడుపుతో గుమ్మంలో నిలబడి, "ఖాలా, నా బొంత ముక్కలు భద్రం," అని నవ్వింది. వద్దన్నా వినకుండా చేతిలో రెండు ఉడికించిన గుడ్లు పెట్టింది.

బస్‌స్టాండు ఎదుట హోటల్లో నిలబడే ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్లలా ఉంది. చాయ్ మాత్రం చెప్పుకోదగ్గది. తుక్కుగూడ వైపు బస్సు కోసం అరగంట చూసి, విసిగి, ఎనిమిదీ నలభైకి షేరింగ్ ఆటో ఎక్కాం. మనిషికి యాభై. మాతోపాటు మహేశ్వరం రైతు ఒకాయన ఎక్కాడు. ఒళ్లో టమాటా నారు మూట.

"ఏడికి పోతున్నరు అక్కా ఇంత తొందరగ?"

"ప్లీ... ప్లీసి..." నాకు పేరు నోట్లో తిరగలేదు.

ఖైరున్ అందుకుంది. "సముద్రంల ఉండె జంతువన్నా. మెడ ఇరవై అడుగులు. ఆ మెడ అతుకుపెట్టనీకి పోతున్నం మేమిద్దరం."

ఆయన మా ఇద్దరినీ కింది నుంచి పైకి చూశాడు. "బతికున్నదా?"

"సచ్చి కోట్ల ఏండ్లాయె."

"అయితే తొందరేముంది?" అన్నాడు. ఆటో అంతా నవ్వింది, డ్రైవరుతో సహా. నాకు పొద్దున్నుంచి మొదటిసారి ఊపిరి ఆడింది. ఆయన ఆటోలోంచి చెయ్యి చాపి, కంచె వేసిన ప్లాట్లను చూపించాడు. "గా రెండు పొలాలు మావే ఉండె. ఇగ నా దగ్గర ఎకరమున్నది. అండ్ల టమాట పెడుతున్న." ఆ మాట ఏ బాధా లేనట్టు చెప్పి, నారు మీద నీళ్లు చిలకరించుకున్నాడు.

తుక్కుగూడలో దిగి ఇంకో ఆటో మాట్లాడుకున్నాం. ఇద్దరికీ కలిపి నూట ఇరవై అన్నాడు, ఖైరున్ ఎనభైకి దించింది. పెద్ద రోడ్డు వదిలి ఫ్యాక్టరీల గోడల వెంట పది నిమిషాలు. ఎర్ర రంగు గోడ, దాని మీద నీలం అలలు గీసి ఉంటాయి. అదే గేటు. తొమ్మిదీ నలభై ఐదు.

లోపలికి అడుగుపెట్టగానే ఇద్దరం ఆగిపోయాం. పైకప్పు నుంచి తీగలతో ఒళ్లు వేలాడుతోంది. పక్కటెముకలు పడవ లోపలి కర్రల్లా వంగి ఉన్నాయి. నాలుగు తెడ్లు నాలుగు వైపులా చాచి, గాలిలోనే ఈదుతున్నట్టుంది. భుజం దగ్గర నుంచి ఒట్టి ఇనప కడ్డీ ఒకటి ముందుకు సాగి, చివర ఏమీ లేకుండా నిలిచిపోయింది. తల కింద బల్ల మీద ఉంది, పళ్లన్నీ బయటపెట్టి. దాని పక్కన నేల మీద నా బిడ్డ కూర్చుని ఉంది.

ప్రసాదరావు గారు ఎదురొచ్చారు. గుంటూరు వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. పెద్దగా కేకలు వేసే మనిషి కాదు, ఆయన మెల్లగా మాట్లాడితేనే షెడ్డులో అందరికీ భయం.

"రండమ్మా. మంజుల చెప్పింది. చీర ముక్కలు చూసి ఎముకల వరుస చెబుతారటగా?"

"చెప్త సార్. ముందు ఒక మాట. తుడిచింది నేను. నా బిడ్డ నంబర్లు సక్కగనే రాసింది. తప్పు దానిది కాదు."

ఆయన గడియారం చూసుకున్నారు. "తప్పు ఎవరిదన్నది తర్వాత చూద్దాం. పదకొండు దాకా చూస్తాను. ఆ కడ్డీకి భుజం వైపు నుంచి ఒక్కొక్కటీ ఎక్కించుకు రావాలి. మధ్యలో ఒక్కటి తప్పినా ముందున్నవన్నీ మళ్లీ ఊడదీయాలి. అంత టైము మనకు లేదు."

సైజు చూసి పెట్టుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. తల దగ్గరి ఎముక నిమ్మకాయంత, భుజం దగ్గరిది చెంబంత. నిమ్మకాయకూ చెంబుకూ తేడా ఎవరైనా చెబుతారు. ముప్పై మూడోదానికీ ముప్పై నాలుగోదానికీ తేడా మాత్రం చేతికి కూడా తెలియదు. కడ్డీ ఎక్కించాకే తెలుస్తుంది, ఎముకల వీపున ఉండే ముళ్లు వంకరపోయి.

తొమ్మిది సంచుల్లోని మూటలన్నీ జంపఖానా మీద పోయించాను. కొంగు నడుముకు చుట్టుకుని కూర్చున్నాను. కళ్లు మూసుకుని ఆ బొంత మూటను మనసులో విప్పాను.

"మొదటిది, ఎర్రచుక్కల తెల్ల నూలు. మంజులకు ఉయ్యాల కట్టిన చీర."

ఖైరున్ వెతికి నా చేతికిచ్చింది. ముట్టుకుంటే అదే మెత్తదనం. జంపఖానా చివర పెట్టాను.

"దీని పక్కకు ముదురుది. మా అమ్మ నారాయణపేట చీర, మెరూన్ గళ్లు. అంచు దగ్గర పసుపు మరక ఉంటది."

ఉంది.

"మూడోది నీలం. మంజుల బడి లంగా. నాలుగోది బతుకమ్మకు పంచిన చీర, జరీ గరుకు. ఐదోది మా ఆయన తలగుడ్డ. ఆరోది ఎలక్షన్ల జెండా గుడ్డ..."

"ఏ పార్టీదమ్మా?" అన్నారు ప్రసాదరావు గారు.

"అది చెప్ప సార్. గుడ్డ మంచిది."

ఆయన మూతి మీద నవ్వు వచ్చి పోయింది. నేను ఆగలేదు. పదో ముక్క పక్కింటి కమలమ్మ కట్టుకోకుండానే చిరిగిన పోచంపల్లి. పద్నాలుగోది మా చెల్లెలు కోపం వచ్చి నా ఇంట్లో వదిలేసి వెళ్లిన పెట్టీకోటు. ఇరవై ఒకటోది వానకు రంగు దిగి పక్కబట్టలన్నిటినీ గులాబీ చేసిన చీర. ఒక్కొక్క గుడ్డకూ ఒక మనిషి ఉంది. మనిషిని మరిచిపోతే కదా గుడ్డను మరిచిపోయేది? మధ్యమధ్య నేను చెప్పిన గుడ్డ దొరక్కపోతే, అది మంజుల పొద్దున విప్పేసిన పదకొండింటిలోదని ఆ చోట నా చేసంచి అడుగున ఉండే చింతగింజల్లో ఒకటి పెట్టించాను.

నలభై ఒకటి వచ్చేసరికి ఖైరున్ వైపు చూశాను.

"ఇగ నావి," అని మోకాళ్ల మీద ముందుకు జరిగింది. "షబానా నిఖా దుపట్టా, మెరిసె గోటా అంచు ఉన్నది. దాని పక్కకు మా ఆయన లుంగి. తర్వాత రంజాన్‌కు కుట్టిన ఫ్రాక్, చిన్నదైపోయింది, ఏడ్సి ఏడ్సి ఏసుకున్నది పోరి..."

పదీ వరుసగా వచ్చేశాయి.

పదకొండు అయ్యింది. ప్రసాదరావు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముప్పై మూడో మూటనూ ముప్పై నాలుగో మూటనూ చేతిలోకి తీసుకుని, మేము చూస్తుండగానే విప్పి, రెండిటినీ ఒక ఇనప చువ్వకు ఎక్కించారు. ఒక కన్ను మూసి చూశారు. పై ముళ్లు రెండూ ఒకే గీత మీద నిలిచాయి. ముప్పై అయిదోది కూడా ఎక్కించారు. నిలిచింది.

"కానివ్వండమ్మా," అన్నారు. మళ్లీ గడియారం వైపు చూడలేదు.

పదకొండూ నలభైకి డెబ్బై రెండో ముక్క, నా పెళ్లినాటి పసుపు చీర చెంగు, భుజం వైపు చివర పెట్టాం. తర్వాత విప్పేసిన పదకొండు ఎముకల సంగతి. అది తేలికే అనుకున్నాను. చింతగింజలు మెడ పొడవునా దూరదూరంగా ఉన్నాయి కాబట్టి అన్నిటికన్నా చిన్న ఎముక మొదటి గింజ దగ్గర, పెద్దది చివరి గింజ దగ్గర. మంజుల ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చింది. పదకొండూ అయిపోయాయి.

ఇంకో చింతగింజ మిగిలింది.

మంజుల మళ్లీ లెక్కపెట్టింది. "అమ్మా, నువ్వు ఒకటి ఎక్కువ చెప్పినవేమో."

"ఎక్కువ చెప్పలే."

"పొద్దున్నుంచి ఉరుకుతున్నవ్ నువ్వు. ఒకటి అటు ఇటు..."

"మంజులా," అన్నాను. "నేను డెబ్బై రెండు చుట్టిన. నువ్వు విప్పిన గుడ్డలు ఏడ పెట్టినవ్?"

మూలన కుప్పగా ఉన్నాయి. ఖైరున్ ఒక్కొక్కటీ ఎత్తి చూపించింది. పదకొండు. నేను వాటిని నా వరుసతో సరిచూసుకున్నాను. లేనిదేదో తెలిసింది.

"యాభై ఎనిమిదోది. బిస్కెట్ల ఫ్యాక్టరీ పిండి సంచి గుడ్డ. తెల్లది, ఒక మూల ఎర్ర అక్షరాలు సగం ఉంటయి. ఆ మూట ఈ గదిల లేదు."

ప్రసాదరావు గారు కుర్చీలోంచి లేచారు. హాలంతా వెతికించారు. సంచులు తిరగేశారు. షెడ్డుకు ఫోను చేశారు, అక్కడ నేల ఊడ్చి ఉంది, ఏమీ లేదన్నారు. మంజుల తల పట్టుకుంది. అప్పుడు నేను అడిగాను. "బండి ఎక్కడున్నది?"

బయట వేపచెట్టు నీడలో లారీ ఆగి ఉంది. క్యాబిన్‌లో డ్రైవరు యాదగిరి కాళ్లు కిటికీలోంచి బయటపెట్టి నిద్రపోతున్నాడు. అతని తలకింద తెల్లటి గుడ్డ మూట. మూలన సగం ఎర్ర అక్షరాలు.

ఖైరున్ తలుపు మీద దబదబా బాదింది. "లే నాయనా లే! కోట్ల ఏండ్ల జంతువు మెడ మీద పండుకున్నవ్!"

యాదగిరి ఉలిక్కిపడి లేచి, మూటను చూసి, మమ్మల్ని చూసి, చెవులు పట్టుకున్నాడు. "సంచి నుంచి జారి పడ్డదక్కా. మెత్తగ గుండ్రంగ ఉండె, మెడకు మంచిగ ఆనింది. మస్తు నిద్ర పట్టింది."

ప్రసాదరావు గారు గట్టిగా నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, నంబర్లు ఉండి ఉంటే యాభై ఎనిమిది ఎక్కించేటప్పుడు గానీ అది లేదని మాకు తెలిసేది కాదు," అన్నారు.

ఆ మూటను దాని చోట పెట్టి, తర్వాతి గింజల దగ్గరి ఎముకలను ఒక్కో గింజ దాటించి సర్దాక, పన్నెండున్నరకు నేల మీదే భోజనం చేశాం. జొన్నరొట్టె, తొక్కు, షబానా ఇచ్చిన గుడ్లు. యాదగిరి ఎక్కడి నుంచో పెరుగు తెచ్చాడు. ఒంటిగంటకు మంజుల నిచ్చెన ఎక్కింది. నేను కింద నిలబడి డెబ్బై రెండో మూట విప్పి ఎముకను అందించాను. తర్వాత డెబ్బై ఒకటి, తర్వాత డెబ్బై. ఎముక పైకి, గుడ్డ నా భుజం మీదికి. కడ్డీ మీద ఒక్కొక్కటీ జరిగి, ముందుదానికి ఆనుకుని, టక్కుమని చిన్న చప్పుడు చేసేది. ఆ చప్పుడు డెబ్బై రెండు సార్లు విన్నాను. ఒక్కసారైనా వెనక్కి తీయలేదు.

ప్రసాదరావు గారికి మెడను హంసలా పైకి ఎత్తి పెట్టాలని ఉండేది. మంజుల నిచ్చెన మీద నుంచే చెప్పింది. "గంత పైకి లేవది సార్. ముళ్లు ఒకదానికొకటి తగులుతున్నయి. ఇది ముందుకు చాపుకుని చేపల గుంపులోకి పోయెటిది." ఆయన కింద నుంచి చూసి, నిజమేనని తల ఊపారు. మా పిల్లది యజమానికి చెప్పడమూ, ఆయన వినడమూ అక్కడే చూశాను.

రెండూ నలభై ఐదుకు తల బిగించారు. మంజుల నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, పైకి చూసింది. ఇరవై అడుగుల మెడ ఎక్కడా చిన్న వంకర లేకుండా, కిటికీ వెలుగులోకి చాచి ఉంది. నా బిడ్డ నా భుజం మీది గుడ్డల్లో మొహం దాచుకుంది. ఏడ్చిందో నవ్విందో నేను చూడలేదు. చూడాల్సిన అవసరమూ లేదు.

మూడు గంటలకు పిల్లలు వచ్చారు. తలుపు దగ్గరే "అబ్బో" అని ఒకటే అరుపు. వాళ్లకు మంజులే అన్నీ చెప్పింది. ఇది డైనోసార్ కాదు, వాటి కాలపు వేరే జాతి. చేపలు తినేది. గుడ్లు పెట్టకుండా నీళ్లలోనే పిల్లను కనేది. ఆ మాటకు ఖైరున్ నన్ను మోచేత్తో పొడిచింది. "నీళ్లల్లనా? దానికి బొంత ఎవరు కుట్టిన్రో పాపం."

రెండు జడల పిల్ల ఒకతి నా కొంగు పట్టుకుని అడిగింది. "ఇది నువ్వు చేసినవా అవ్వా?"

"చేసింది నా బిడ్డ. నేను తుడిచిన," అన్నాను. "దీని పేరు ప్లీసియోసార్."

పేరు ఒక్క తప్పు లేకుండా వచ్చింది. నేనే ఆశ్చర్యపోయాను.

బయలుదేరేముందు ప్రసాదరావు గారు గోడ మీద ఒక అట్ట తగిలించారు. మెడ కూర్చినవారు అని రాసి, కింద మంజుల పేరు. ఆ మూడు మాటలు కూడబలుక్కోవడానికి నాకు ఎంతసేపైనా పట్టనీ, బస్సు కాదు కదా కదిలిపోవడానికి. నిలబడి మూడుసార్లు చదివాను.

నాలుగున్నరకు యాదగిరి మమ్మల్ని తన లారీలో శంషాబాద్ బస్‌స్టాండు దాకా దించాడు, కిరాయి అడగలేదు. అక్కడ సందు మొదట్లో ఖైరున్ ఇంటికి వెళ్లబోతూ గుడ్డల మూట వైపు చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు.

"వరుస చెడిపోయింది ఖైరున్. సక్కగ పేర్చి, కుట్టే తెస్త."

"తొందరగ కుట్టు అక్కా. నా మనవడు కోట్ల ఏండ్లు ఆగడు."

ఐదున్నరకు ఆరాంఘర్ బస్సు దొరికింది. సున్నా టికెట్టు, కిటికీ సీటు. రోడ్డు పక్కన దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. మూట ఒళ్లో విప్పుకుని, పసుపు చెంగు అడుగున పెట్టి, మీదికి పేర్చడం మొదలుపెట్టాను. పిండి సంచి గుడ్డ చేతికి వచ్చినప్పుడు యాదగిరి తల నూనె వాసన కొట్టింది. ఉతకాలి అనుకున్నాను, మళ్లీ వద్దనుకున్నాను. తుడవడం, ఉతకడం ఇక అడిగి చేయాలి.

ఫోను మోగింది. మంజుల. వెనకాల ఇంకా పిల్లల గోల వినబడుతోంది.

"అమ్మా, సార్ ఈసారి మెడతోపాటు తోక పని కూడ నాకే ఇచ్చిండు. వచ్చే నెల ఇంకో జంతువంట, దాని మెడ ఇంకా పొడుగంట. గుడ్డలు కావాలె."

"ఎన్ని?"

"డెబ్బై ఆరు. ఈసారి నంబర్లు రాయనే. నువ్వొచ్చి చుట్టు."

చెల్లెలి పెట్టీకోటు, పోచంపల్లి, జెండా గుడ్డ, తలగుడ్డ, బతుకమ్మ చీర, నీలం లంగా, మెరూన్ గళ్లు. బస్సు వంతెన కిందకి వచ్చి ఆగేసరికి అన్నిటికన్నా పైన ఎర్రచుక్కల ఉయ్యాల చీర పెట్టి, మూట ముడివేశాను.